వాపు తగ్గింది, టెండన్ మానలేదు: ఒక హర్డిల్ గుర్రం కేసు

ఈ కేసు రాయడానికి గుర్రం యజమాని, ట్రైనర్ ఇద్దరూ ఒప్పుకున్నారు. గుర్రం పేరు, లాయం ఉన్న ఊరు, గెలిచిన పందేలు చెప్పను. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను కానీ వైద్యం జరిగిన క్రమం ఎక్కడా మార్చలేదు. నేను పశువైద్యం చదివింది తిరుపతిలో. ఇప్పుడు ఇంగ్లండ్‌లో పందెపు గుర్రాల కాళ్లు చూడడమే నా పని. ఈ కేసులో మొదటి తప్పు నాదే. ఆ తప్పు ఎలా జరిగిందో, ఆ సమయంలో నా ఆలోచన ఏ దారిలో నడిచిందో చెప్పకపోతే మిగతాది రాసి ప్రయోజనం లేదు.

నేపథ్యం

హైదరాబాద్ మలక్‌పేటలో మనం చూసేవి అడ్డంకులు లేని మైదానపు పందేలు. బ్రిటన్, ఐర్లండ్‌లలో చలికాలమంతా దూకే పందేలు నడుస్తాయి. వాటిలో హర్డిళ్లది ప్రత్యేకమైన తీరు. హర్డిల్ అంటే గుర్రం దూకి దాటే అడ్డంకి, ఎత్తు మూడున్నర అడుగులే. గుర్రం దాని ముందు తమాయించుకుని దూకితే వెనకబడిపోతుంది. పరుగులో పరుగుగా, వేగం తగ్గకుండా, దాదాపు రాసుకుంటూ దాటాలి. ఈ విభాగంలో అన్నిటికంటే పెద్ద పందెం చెల్టెన్‌హామ్‌లో మార్చి నెలలో జరిగే చాంపియన్ హర్డిల్. 1927లో మొదలైంది. రెండు మైళ్లకు కాస్త పైన దూరం, 8 హర్డిళ్లు, వీపు మీద జీను, జాకీ కలిపి 74 కిలోలకు పైన బరువు.

ఈ స్థాయి గుర్రానికి మంచి కాలం చాలా తక్కువ. ఆరేళ్ల వయసు నుంచి తొమ్మిదేళ్ల దాకా అనుకోవచ్చు. 1998, 1999, 2000 సంవత్సరాల్లో వరసగా మూడుసార్లు ఈ పందెం గెలిచిన ఇస్టాబ్రాక్ సంగతే చూడండి. 2001లో గాలికుంటు వ్యాధి బ్రిటన్‌ను చుట్టేసి చెల్టెన్‌హామ్ పందేలే రద్దయ్యాయి. మరుసటి ఏడాది పదేళ్ల వయసులో అది మళ్లీ బరిలోకి దిగింది కానీ, కొద్ది దూరంలోనే జాకీ పక్కకు తప్పించాల్సి వచ్చింది. దాని పరుగు జీవితం అక్కడితో ముగిసింది. ఒక్క ఏడాది చేజారితే తిరిగి రాదన్న ఆత్రం ప్రతి ట్రైనర్‌లోనూ ఉంటుంది. ఆ ఆత్రం పశువైద్యుడికీ అంటుకుంటుంది. నాకూ అంటుకుంది.

మా గుర్రం విత్తు కొట్టిన మగది. అప్పటికి ఏడేళ్లు. అత్యున్నత శ్రేణి హర్డిల్ పందేలు ఒకటికి మించి గెలిచింది. మార్చి పందేనికి దాని మీద పెద్ద ఆశలున్నాయి. అంతకుముందు కాళ్ల జబ్బు ఏదీ లేదు.

ఇక్కడ టెండన్ గురించి, అంటే కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే పోగుల తాడు గురించి, కొంత చెప్పాలి. గుర్రం ముందుకాలిలో మోకాలి కింద వెనకవైపు తడిమితే రెండు గట్టి తాళ్లు చేతికి తగులుతాయి. చర్మానికి దగ్గరగా ఉన్నది పై టెండన్. అది స్ప్రింగులా పనిచేస్తుంది. దౌడులో కాలు నేల మీద పడ్డప్పుడు సాగుతుంది, కాలు లేచేటప్పుడు దాచుకున్న శక్తిని తిరిగి ఇస్తుంది. గుర్రం అంత దూరం అలవోకగా పరుగెత్తగలగడానికి ఇదొక ముఖ్య కారణం. దీనికి చెల్లించే మూల్యం కూడా పెద్దదే. పూర్తి దౌడులో ఈ టెండన్ తన పొడవులో పదోవంతుకు మించి సాగుతుంది. తెగే హద్దు అక్కడికి ఎంతో దూరంలో లేదు. లోపలి భాగం 45 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతుంది. రక్తప్రసరణ అంతంత మాత్రం. ఎదిగిన గుర్రంలో ఇది కండరంలా శిక్షణతో బలపడదు. ఏళ్ల తరబడి కంటికి కనిపించని చిన్న చిన్న చిట్లుళ్లు పోగవుతాయి. ఒకరోజు మధ్యలో పోగులు తెగుతాయి. తెగినచోట మొదట పుట్టేది పాత పోగు కాదు, సాగే గుణం తక్కువైన మచ్చ కణజాలం.

మొదటి పరీక్ష

డిసెంబరులో ఒక పందెం. చివరి నుంచి రెండో హర్డిల్‌ను గుర్రం ముందుకాళ్లతో గట్టిగా కొట్టింది. తూలి, నిలదొక్కుకుని, రెండో స్థానంలో వచ్చింది. మర్నాడు తెల్లవారుజామున దాన్ని చూసుకునే అమ్మాయి, మన సైసు చేసే పని అక్కడ ఆమె చేస్తుంది, ఎడమ ముందుకాలు వెచ్చగా ఉందని ట్రైనర్‌కు చెప్పింది. నేను వెళ్లేసరికి పందెం అయి సుమారు 40 గంటలైంది.

కాలి ముందువైపు ఎముక మీద చర్మం గీరుకుని ఉంది. వాపు ముందువైపు ఎక్కువ, వెనకవైపు కొద్దిగా. ట్రాట్, అంటే తేలికపాటి పరుగు, చేయించి చూస్తే కుంటు లేదు. అల్ట్రాసౌండ్ స్కాన్‌లో చర్మం కింద నీరు కనిపించింది. టెండన్ పోగులు వరసగానే ఉన్నాయి. టెండన్‌ను అడ్డంగా చూస్తే కనిపించే వైశాల్యం ఎడమది 1.1 చదరపు సెంటీమీటర్లు, కుడిది అంతకు కాస్త తక్కువ. హర్డిల్ తగిలిన దెబ్బ వాపు అని రాశాను. చన్నీళ్ల ధార, చల్లని పట్టు, పది రోజుల విశ్రాంతి చెప్పాను.

ఆ నిర్ధారణ మరీ గాలిలోంచి వచ్చింది కాదు. హర్డిల్ దెబ్బలు నిజంగా గాయపరుస్తాయి. 2017, 2018ల్లో చాంపియన్ హర్డిల్ గెలిచిన బువేర్ డెయిర్ 2019లో న్యూకాసిల్‌లో పరుగెత్తుతుండగా హర్డిల్ కర్ర ముక్క ఒకటి దాని గిట్టలో దిగబడింది. దెబ్బ తగలడం నేను వీడియోలో చూశాను, గీత కాలి మీద కనిపిస్తోంది, కారణం దొరికింది. కారణం దొరకగానే నేను వెతకడం ఆపేశాను. దెబ్బ తగిలి తూలిన గుర్రం తరవాతి అడుగులో ఒకే కాలి మీద మొత్తం బరువు మోపుతుందనీ, దెబ్బా టెండన్ గాయమూ ఒకే క్షణంలో జరగవచ్చనీ ఆలోచించాల్సింది.

ఇంకా రెండు పొరపాట్లున్నాయి. టెండన్ మధ్యలో తెగిన పోగులు మొదటి రోజుల్లో స్కాన్‌లో సరిగా కనిపించకపోవచ్చు. చిట్లిన భాగాన్ని ఎంజైములు కరిగించుకుంటూ పోతే వారం పది రోజులకు అది స్కాన్‌లో నల్లటి గుంటగా స్పష్టమవుతుంది. ఇది నాకు తెలియని విషయం కాదు. అయినా స్కాన్ మళ్లీ తీయాలని రాయలేదు. రెండోది, ముందురోజు రాత్రే గుర్రానికి ఫినైల్‌బ్యుటజోన్ ఇచ్చారు. నొప్పిని అణచే మందు పడిన గుర్రం కుంటలేదంటే దానికి అర్థం లేదు. మందు ఇచ్చారని నాకు చెప్పారు. విన్నాను, కుంటు లేదని రాశాను.

పదో రోజుకు వాపు పూర్తిగా పోయింది. పదహారో రోజున కాంటర్, అంటే ట్రాట్‌కు ఎక్కువ, పూర్తి దౌడుకు తక్కువైన పరుగు, మొదలుపెట్టారు. జనవరి చివరలో ఒక ఉదయం వేగంగా పరుగెత్తించాక కాలు వెనకవైపు విల్లులా ఉబ్బింది. ఈసారి స్కాన్‌లో ఎవరికైనా కనిపించేంత గుంట. ఎక్కువగా దెబ్బతిన్న చోట టెండన్ వైశాల్యంలో నాలుగోవంతు నల్లగా ఉంది, పైకీ కిందికీ 8 సెంటీమీటర్లు పాకింది. మార్చి పందెం సంగతి అక్కడితో సరి.

ఆ సాయంత్రం ఆ అమ్మాయి తన నోటుపుస్తకం తెచ్చి నా చేతికిచ్చింది. రోజూ ఉదయం నాలుగు కాళ్లు తడిమి ఒక్కో వాక్యం రాసుకుంటుంది. పద్నాలుగో రోజు ఎదుట ఇలా ఉంది: ఎడమది కొంచెం వెచ్చన, నీళ్లు కొట్టాక తగ్గింది. ఆ మాట కాంటర్ మొదలుపెట్టడానికి రెండు రోజుల ముందుది. ఆమె ఎవరికీ చెప్పకపోవడం కాదు, చెప్పింది. డాక్టరు చూసి బాగానే ఉందన్నారు కదా అని అందరూ ఊరుకున్నారు. నా సంతకం ఆమె చేతిస్పర్శను పక్కకు నెట్టింది. ఈ కేసులో నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది ఇదే.

ఏం చేశాం, ఏది పనిచేయలేదు

ట్రైనర్ పాత తరం ఇంట్లో పెరిగిన మనిషి. మొదట అడిగిన మాట వాత గురించి. కాల్చిన ఇనుముతో టెండన్ మీద గీతలు పెట్టడం ఇక్కడ శతాబ్దాల పద్ధతి. మా ఊళ్లో ఎద్దు మెడ వాచినా కాలు ఈడ్చినా వాత పెట్టడం చిన్నప్పుడు కళ్లారా చూశాను కాబట్టి ఆ నమ్మకం ఎక్కడినుంచి వస్తుందో నాకు తెలుసు. వాత పెట్టిన పశువు నెలల తరబడి పనికి దిగదు. మానేది ఆ విశ్రాంతి వల్ల, పేరు మాత్రం వాతకు పోతుంది. బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో చేసి 1983లో వెలువరించిన పరిశోధన వాత వల్ల టెండన్‌కు మేలు లేదని తేల్చింది. ఆ వివరాలన్నీ చెప్పి కాదన్నాను. ఆయన వాదించలేదు.

మూలకణాల చికిత్స గురించి యజమాని అడిగారు. గుర్రం ఎముక మజ్జ నుంచి కణాలు తీసి, ప్రయోగశాలలో పెంచి, స్కాన్ చూస్తూ ఆ గుంటలోకి ఎక్కించడం ఈ పద్ధతి. గాయం కొత్తగా ఉండగా, లోపల మచ్చ కట్టకముందే చేయాలి. అసలు గాయం డిసెంబరుదని నాకు నమ్మకం కుదిరింది. అప్పటికే అయిదు వారాలు దాటాయి, కణాలు పెరగడానికి మరో మూడు వారాలు పడుతుంది. ఎనిమిది వారాల పాత గాయంలోకి ఎక్కిస్తే ఫలితం అనుమానమే. వద్దన్నాను. ఆ నిర్ణయం తప్పని ఇప్పటికీ అనుకోను. అయితే ఆ అయిదు వారాలు పోయింది నా డిసెంబరు రాతవల్లనే.

కాబట్టి లాయంలో కట్టి ఉంచి రోజూ చేత్తో పట్టుకుని నడిపించడం మొదలుపెట్టాం. అది బాగానే సాగింది. ఏప్రిల్ రాగానే ట్రైనర్ గుర్రాన్ని పచ్చికలో వదిలేద్దామన్నారు. కాలు చెడిన గుర్రాన్ని ఏడాదిపాటు పచ్చికకు వదలడం ఇక్కడి ఆనవాయితీ. నాకు మనస్కరించలేదు. మానుతున్న టెండన్‌కు పూర్తి విశ్రాంతీ మంచిది కాదు, అదుపులేని పరుగూ మంచిది కాదు. పోగులు బలం పడే దిశలో వరస కట్టాలంటే రోజూ కొలిచినట్టు కొంత బరువు పడాలి. ఇదంతా చెప్పాను కానీ గట్టిగా నిలబడలేదు. డిసెంబరులో తప్పు చేసినవాణ్ణి మళ్లీ ఏ ముఖం పెట్టుకుని పట్టుబట్టను అన్న సంకోచం నా గొంతు తగ్గించింది. తప్పు చేసిన వైద్యుడు ఆ తరవాత మెత్తబడడం కూడా రోగికి హానే.

ఆగస్టులో స్కాన్ తీస్తే పాత గుంట పూడింది. పూడిన పోగులు మాత్రం అడ్డదిడ్డంగా ఉన్నాయి. దాని కింది అంచున కొత్తగా ఒక చిన్న నల్లమచ్చ. ఏం జరిగిందో పొలం పక్కనే ఉండేవాళ్లు చెప్పారు. పగలంతా గుర్రం నెమ్మదిగా మేస్తుంది. సాయంత్రం పక్క పొలంలో గుర్రాలను లోపలికి తోలుకుపోతుంటే, ఈ కంచె నుంచి ఆ కంచె దాకా దౌడు తీస్తుంది. వేసవికి గట్టిపడ్డ నేల, అయిదు వందల కిలోల గుర్రం. మేం నెలల తరబడి లాయంలో నిమిషాలు లెక్కపెట్టి నడిపించి కూడబెట్టింది అక్కడ పోయింది.

ఏది పనిచేసింది

ఆ కొత్త నల్లమచ్చ వల్ల ఒక అవకాశం వచ్చింది. అది తాజా గాయం. ఈసారి మూలకణాల చికిత్స నేనే అడిగాను. రొమ్ము ఎముక నుంచి మజ్జ తీశాం. మూడు వారాలకు కోటి కణాలు సిద్ధమయ్యాయి. గుర్రాన్ని నిలబెట్టే మత్తిచ్చి, కాలు మొద్దుబార్చి, స్కాన్ తెర మీద సూది మొనను చూస్తూ ఎక్కించాను.

డబ్బు ఖర్చు పెట్టేముందు యజమానికి ఒక విషయం విడమరచి చెప్పాను. 2012లో అచ్చయిన ఒక పరిశోధనలో ఈ చికిత్స పొందిన 113 పందెపు గుర్రాలను తరవాత గమనిస్తే సుమారు 27 శాతం మళ్లీ గాయపడ్డాయి. పాత పద్ధతుల్లో వచ్చే లెక్కలకంటే ఇది మెరుగు. అయితే ఆ గుర్రాలన్నీ కణాలతోపాటు దాదాపు ఏడాది క్రమబద్ధమైన వ్యాయామం కూడా చేశాయి. మేలు చేసింది కణాలెంత, నడక ఎంత అన్నది విడదీయలేం. నడక పాటించనంటే కణాల కోసం ఖర్చు పెట్టొద్దని చెప్పాను. ఆయన ట్రైనర్ వైపు చూశారు. ట్రైనర్ సరేనన్నారు. మా కేసు మలుపు తిరిగింది అప్పుడే అని నా అభిప్రాయం, సూది వేసినప్పుడు కాదు.

సెప్టెంబరులో రోజుకు అయిదు నిమిషాల నడకతో మొదలైంది. డిసెంబరుకు ముప్పావు గంట. జనవరిలో ట్రాట్ కలిపాం, ఏప్రిల్‌లో నెమ్మదైన కాంటర్. ఒక్కో మెట్టు ఎక్కేముందు స్కాన్ తప్పనిసరి. టెండన్ వైశాల్యం ముందటి కొలతకంటే పది శాతానికి మించి పెరిగితే, గుర్రం ఎంత హుషారుగా ఉన్నా, ఒక మెట్టు దిగాలి. ఈ నియమం కాగితం మీద రాసి లాయం తలుపుకు అంటించాం. దాని కిందే ఆ అమ్మాయి నోటుపుస్తకం వేలాడేది. పని మొదలుపెట్టేముందు అది చదవాలన్నది రెండో నియమం.

మే నెలాఖరులో ఆ కాగితానికి పరీక్ష వచ్చింది. వైశాల్యం 12 శాతం పెరిగింది. వేడి లేదు, నొప్పి లేదు, కుంటు లేదు, నోటుపుస్తకంలోనూ ఏమీ లేదు. గుర్రం రెండేళ్లలో ఎన్నడూ లేనంత బాగుంది. మెరుస్తున్న ఒంటితో కాంటర్‌కు వెళుతుంటే చూసేవాళ్లకు కడుపు నిండేది. నవంబరులో ఒక పందేనికి ట్రైనర్ మనసులో గురి పెట్టుకుని ఉన్నారు. కొలతలో పొరపాటు ఉండవచ్చు కదా అన్నారు. ఉండవచ్చు. స్కాన్ పట్టుకునే చేయి కాస్త వాలినా వైశాల్యం ఎక్కువ చూపిస్తుంది. అందుకని రెండు రోజులాగి మళ్లీ తీశాను, నా సహోద్యోగి చేత విడిగా తీయించాను. మూడు లెక్కలూ దగ్గర దగ్గరగానే వచ్చాయి.

అప్పుడు నా ఎదుట ఉన్న ప్రశ్న ఇది. గుర్రం బాగుందని చెప్పే కళ్లు ఎన్నో ఉన్నాయి, బాగాలేదని చెప్పేది ఒక్క అంకె. ఆ అంకెను నమ్మి ఆపితే, తప్పయితే రెండు నెలలు పోతాయి. నమ్మక కొనసాగించి తప్పయితే గుర్రం పోతుంది. రెండు తప్పుల బరువు ఒకటి కాదు. పైగా గుర్రం కుంటడం లేదన్న సాక్ష్యం డిసెంబరులో నన్ను ఒకసారి మోసం చేసింది. ట్రాట్‌కు దించేశాం. ఎనిమిది వారాలు. నవంబరు పందెం వదులుకున్నాం. ట్రైనర్ కొన్నాళ్లు నాతో ముక్తసరిగా మాట్లాడారు. జులై చివరికి వైశాల్యం తగ్గి పాత కొలతకు వచ్చింది. పోగులు స్కాన్‌లో పొడవునా సమాంతర గీతలుగా కనిపించాయి.

పరుగు మళ్లీ మొదలైంది

గాయపడిన రోజు నుంచి సరిగ్గా రెండేళ్లకు, తొమ్మిదేళ్ల వయసు చివరలో, గుర్రం మళ్లీ పందెంలో దిగింది. ఎన్ని పందేలు, ఎలాంటి నేల అన్నది ముందే మాట్లాడుకున్నాం. 1985 నుంచి 1987 దాకా మూడేళ్లు వరసగా చాంపియన్ హర్డిల్ గెలిచిన సీ యూ దెన్ కాళ్లు ఎప్పుడూ అంత గట్టివి కావు. దాని ట్రైనర్ నికీ హెండర్సన్ దాన్ని చాలా అరుదుగా పరుగెత్తించేవారు. మా ట్రైనర్‌కు ఈ ఉదాహరణ నేను చెప్పనక్కరలేకపోయింది, ఆయనే చెప్పారు. వాన పడి మెత్తబడిన నేల అయితేనే దింపాలి, రెండు పందేల మధ్య కనీసం ఆరు వారాలు ఉండాలి, ప్రతి పందెం తరవాత రెండో రోజునా పదో రోజునా రెండు కాళ్లూ స్కాన్ చేయాలి అని నిర్ణయించాం.

మొదటి పందెంలో నాలుగో స్థానం. రెండోది గెలిచింది. అత్యున్నత శ్రేణి పందెం కాదది. మార్చి చివర్లో ఇంకొకటి గెలిచింది. పాత వేగం పూర్తిగా రాలేదు. చివరి హర్డిల్ దాటాక ఒకప్పుడు ఉండే ఆ విసురు తగ్గింది. వయసు వల్లనా, మచ్చపడ్డ టెండన్ స్ప్రింగు గుణం తగ్గడం వల్లనా అంటే రెండూ అనే అనుకుంటాను. గెలిచిన రోజు ఆ అమ్మాయి గుర్రాన్ని తిప్పుతూ ఏడ్చింది. నేను అక్కడే ఉన్నాను.

ఈ కేసు తరవాత నా పనిలో కొన్ని మారాయి. హర్డిల్ దెబ్బ తగిలిన కాలికి మొదటి స్కాన్ ఎంత శుభ్రంగా వచ్చినా ఎనిమిదో రోజుకూ పదో రోజుకూ మధ్య రెండోది తీయకుండా గుర్రాన్ని పనికి ఒప్పుకోను. నొప్పి మందు పడిన గుర్రాన్ని ట్రాట్ చేయించి ఏదీ రాయను, మందు ప్రభావం దిగాక మళ్లీ వస్తాను. ఏ లాయానికి వెళ్లినా ముందు గుర్రాన్ని చూసుకునే మనిషితో మాట్లాడతాను, ఆ తరవాతే ట్రైనర్‌తో. నా రాతలో ఇప్పుడు గాయం లేదు అనే మాట ఉండదు, ఈ రోజు కనిపించలేదు అని తేదీతో రాస్తాను.

కుడి కాలు

టెండన్ అరుగుదల సాధారణంగా ఒక్క కాలికే పరిమితం కాదు. పైకి గాయపడేది ఒకటి, లోపల నలిగేవి రెండు. రెండో సీజన్‌కు ముందు అక్టోబరులో మామూలుగా తీసిన స్కాన్‌లో ఎడమ కాలు నిలకడగా ఉంది. ఎన్నడూ గాయపడని కుడి కాలి టెండన్ 15 శాతం లావెక్కి, మధ్యలో పోగుల గీతలు మసకబారాయి. గుర్రం కుంటడం లేదు. నోటుపుస్తకంలో మాత్రం అంతకు రెండు వారాల ముందు నుంచి కుడివైపు ఎదుట చిన్న ప్రశ్నార్థకం గుర్తు ఉంది.

మళ్లీ ఏడాది నడక, కణాలు అంటే గుర్రానికి పదకొండేళ్లు దాటుతాయి. మసకబారిన చోట ఇంకా గుంట పడలేదు, ఇప్పుడు ఆపితే పడకపోవచ్చు. ఈసారి నేను చెప్పేలోపే యజమాని విరమింపజేద్దామన్నారు. ట్రైనర్ చాలాసేపు ఏమీ అనలేదు, తరవాత లాయంలోకి వెళ్లి తలుపుకు అంటించిన కాగితం ఊడదీశారు.

కుడి కాలిని ఆ తరవాత కూడా ఆరు నెలలకోసారి చూస్తున్నాను. గుంట పడలేదు. ఇంకో సీజన్ పరుగెత్తగలిగేదేమో అని యజమాని అప్పుడప్పుడు అడుగుతారు. పరుగెత్తగలిగేదేమో. అక్టోబరు స్కాన్, ఈ మధ్య తీసినది పక్కపక్కన పెట్టి చూపిస్తాను. ఆయన కాసేపు చూసి, గుర్రం దగ్గరకు వెళదామంటారు.